పక్కకు తిరిగిన చుక్కలు

బాగుచేసి పంపిన బండి ఎనిమిదో రోజున మళ్ళీ షెడ్డు గేటు ముందు ఆగితే, లోపలున్నవాళ్ళకి ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ బుధవారం పొద్దున వదిన పాత ప్లగ్గులు బ్రష్షుతో రుద్దుతూ, తలెత్తకుండానే ఆ తెల్ల కారుని గుర్తుపట్టింది. అది హైబ్రిడ్ బండి. మెల్లగా వచ్చేటప్పుడు బ్యాటరీ మీదే నడుస్తుంది. టైర్ల కింద కంకర నలిగిన చప్పుడు తప్ప మరేమీ వినపడదు. చప్పుడు లేకుండా వచ్చే బండి ఈ చుట్టుపక్కల అదొక్కటే.

"అక్కా, మేస్త్రి గారేరీ?" దిగుతూనే అడిగాడు టాక్సీ ఆయన.

ఆయన నోరు తెరిస్తే ఆపడం ఎవరి తరమూ కాదు గనక, వదిన భర్త బతికున్న రోజుల్లోనే ఆయనకి 'సైలెన్సర్' అని పేరు పెట్టాడు. ఎదురుగా కూడా అలాగే పిలిచేవాళ్ళు. ఆయనకి అందులో గౌరవమే కనపడేది.

"మీరు చేసిచ్చాక నాలుగు రోజులు బాగుంది. ఐదో రోజు పొద్దున్నించీ మొదలైంది. తీస్తే ముందు బాగానే కదుల్తుంది. వీధి మలుపు దగ్గర ఇంజను అందుకుంటుంది చూడండీ, అప్పుడు దడదడదడా వణుకుడు! అద్దం ఊగుతుంది, తలుపులు ఊగుతాయి, నా పళ్ళు కూడా ఊగుతున్నాయి. వారానికి మూడు రోజులు ఒక పెద్దావిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్తానా, ఆవిడ మొన్న ముందు సీటు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసేసుకుంది. అంతా కలిపి అర నిమిషం. తర్వాత ఏమీ ఎరగనట్టు వెన్నలా పోతుంది. ఇప్పుడు చూడండి, ఎంత బుద్ధిగా నుంచుందో!"

షెడ్డులో ఉన్న వ్యాను కింద నుంచి ఆమె మరిది చెక్క బండి మీద వెల్లకిలా జారుకుంటూ బయటికొచ్చాడు. "నువ్వు కాస్సేపు మాట్లాడకుండా ఉంటే దాని మాట వింటాను. తాళం ఇటివ్వు."

తాళం ఇచ్చాడు గానీ నోరు మూయలేదు సైలెన్సర్. "మీరు శనివారం వెళ్ళిపోతున్నారట కదా మేస్త్రీ. మీరుండగానే తేల్చెయ్యండి. తర్వాతైతే నేనింకో షెడ్డు వెతుక్కోవాలి."

ఆ మాట అన్నాక గానీ వదిన అక్కడే వింటోందని ఆయనకి తట్టలేదు. తట్టాక, ఇంకేదో అనబోయి, జేబులో రుమాలు వెతుక్కున్నాడు. వదిన ప్లగ్గు రుద్దుతూనే ఉంది. అప్పటికే అది తళతళలాడుతోంది.

ఆ షెడ్డులో ఒకప్పుడు ముగ్గురు. వదిన భర్త, ఆయన తమ్ముడు పనిచేసేవాళ్ళు. భర్తకి షుగరు వచ్చి చూపు మసకబారాక, పుస్తకం చదివిపెట్టడానికి వదిన ఒక స్టూలు వేసుకుని బండి పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమె రెండో తరగతి దాటలేదు. సామాన్ల అట్టపెట్టెల మీద రాసి ఉన్నవి కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. ఆ తర్వాత బండితో వచ్చే పుస్తకాలు, ఆ తర్వాత కంపెనీవాళ్ళు మెకానిక్కులకిచ్చే లావు పుస్తకాలు. తొమ్మిదేళ్ళు ఆమె చదివింది, వాళ్ళు విప్పారు, బిగించారు. మూడేళ్ళ కిందట భర్త పోయాక స్టూలు పక్కన పెట్టి పానా పట్టుకుంది. యాభై ఆరేళ్ళ వయసులో చేతులకి నల్లటి గీతలు పడటం మొదలైంది.

కానీ ఒక సంగతి వాళ్ళిద్దరికే తెలుసు. ఆమె ఎంత చేసినా, ప్రతి బండి మీదా చివరి చెయ్యి మరిదిదే. అతను ఒకసారి ఇంజను మీద అరచెయ్యి ఆనించి, తల పక్కకి వంచి విని, "పంపించెయ్ వదినా" అంటే తప్ప ఆమె ఒక్క తాళం కూడా ఎవరి చేతికీ ఇచ్చి ఎరగదు. అతని భార్య ఉద్యోగం దూరపు ఊరికి మారి, పిల్లలతో సహా వెళ్ళిపోయి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు అక్కడి షోరూంలో అతనికీ పని దొరికింది. శనివారం సాయంత్రం ఆరింటికి బస్సు. అడిగినవాళ్ళందరికీ వదిన ఒకటే చెబుతోంది, "ఏముందీ, షెడ్డు నేను చూసుకుంటాను" అని.

అతను వెళ్ళే మాట చెప్పి పది రోజులు. అప్పట్నించీ ఇద్దరి మధ్యా "అది అందుకో", "ఇది పట్టుకో" తప్ప వేరే మాటల్లేవు.

సైలెన్సర్ని ఇంటికి పంపేసి ఇద్దరూ బండిని లోపలికి తోశారు. ఆ కారు వేడెక్కి ఆగిపోతోందని వస్తే, పది రోజుల కిందట వీళ్ళే ఇంజనుకి పైకప్పులా ఉండే హెడ్ దించి, దాని కింద, నీళ్ళు సిలిండర్లలోకి దిగకుండా ఆపే గ్యాస్కెట్ మార్చి, మళ్ళీ బిగించారు. మరిది సీట్లో కూర్చుని మీట నొక్కాడు. దీపాలు వెలిగాయి. ఇంజను ఉలకలేదు, పలకలేదు. మామూలు బండైతే తాళం తిప్పగానే గురక పెడుతుంది, ఎంతసేపైనా వినొచ్చు. ఇది అవసరమైతేనే లేస్తుంది. మనం చెవి పెట్టేసరికి పడుకుంటుంది. దాన్ని ఆగకుండా ఆడించాలంటే ఒక తంతు ఉంది: పెడలు రెండుసార్లు తొక్కి, గేరు మార్చి రెండుసార్లు తొక్కి, మళ్ళీ గేరు మార్చి రెండుసార్లు తొక్కాలి. అదీ ఒక నిమిషం లోపల.

"అలిగిన కొత్తల్లుణ్ణి భోజనానికి లేపినట్టు, దీన్ని ఇన్నిసార్లు బతిమాలాలి" అన్నాడు మరిది.

మామూలు రోజుల్లో అయితే వదిన, "నిన్ను లేపిన దానికంటే నయమే" అనేది. ఆ రోజు స్కానర్ తీగ అందించి ఊరుకుంది.

ఇంజను ఆడింది. ఏ వంకా లేదు. గిన్నెలో నీళ్ళు పెట్టి ఇంజను మీద పెడితే తొణకవు, అంత నిలకడగా ఉంది. కానీ స్కానర్ తెర మీద పాత లెక్క నిలిచి ఉంది. ఒకటి, మూడు, నాలుగు సిలిండర్ల పక్కన సున్నాలు. రెండో సిలిండర్ పక్కన రెండొందల పద్నాలుగు. అంటే అన్నిసార్లు ఆ ఒక్క సిలిండర్లో మంట అంటుకోలేదు.

"కాయిల్ పోయుంటుంది" అన్నాడతను. నిప్పురవ్వ పుట్టించే కాయిల్‌ని, దాని కింద ప్లగ్గుని రెండో సిలిండర్ నుంచి తీసి నాలుగో దాంట్లో పెట్టాడు, నాలుగోవి రెండో దాంట్లో. "రేపు పొద్దున చల్లటి ఇంజను మీద చూద్దాం. జబ్బు నాలుగుకి మారితే కాయిల్‌దో, ప్లగ్గుదో అన్నట్టు."

"రెండూ ఒకేసారి మారిస్తే ఏది చెడిందో ఎలా తెలుస్తుంది?"

"టైమేదీ వదినా?"

శనివారం అనే మాట అతను అనలేదు. ఆమెకి మాత్రం అదే వినపడింది.

గురువారం పొద్దున ఏడింటికి ఇద్దరూ షెడ్డు తలుపు తీశారు. రాత్రంతా నిలబడి బండి చల్లబడిపోయి ఉంది. ఇంజను తప్పనిసరిగా లేచేలా మరిది లోపలి హీటరు పూర్తిగా తిప్పాడు. వదిన బానెట్ పక్కన నిలబడి మూత మీద చెయ్యి వేసింది. కొన్ని క్షణాలు ఏమీ లేదు. తర్వాత ఇంజను అందుకుంది. దాంతోపాటే దగ్గు మొదలైంది. ఆమె చేతి కింద ఇనుము ఎగిరెగిరి పడుతోంది. అరచేతి నుంచి మోచేతి దాకా, అక్కణ్ణించి దవడ దాకా వణుకు పాకింది. ఆమె లోపల ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంది. ఇరవై ఆరు దగ్గర దగ్గు సన్నబడింది. ముప్పై ఒకటికి ఆగిపోయింది. ఇంజను ఏమీ జరగనట్టు ఆడుతోంది.

"ఎక్కడ?" అంది.

మరిది తెర చూసి పెదవి విరిచాడు. "రెండే. కదల్లేదు."

కాయిల్ కాదు, ప్లగ్గు కాదు. పెట్రోలు చిమ్మే గొట్టాల తీగలు అటూఇటూ మారాయేమోనని ఒక్కొక్కటీ చూశాడు. సరిగ్గానే ఉన్నాయి. గాలి లీకవుతోందేమోనని కీళ్ళ చుట్టూ స్ప్రే కొట్టాడు. ఇంజను చప్పుడు మారలేదు. అతను తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు. దారి తోచనప్పుడు అతనికి అది అలవాటు. వదిన ఈలోపల ఇంజనుని చల్లబరిచే కూలెంట్ డబ్బా దగ్గరికి వంగి, గీతకి వేలు ఆనించి చూసింది.

"నీళ్ళు తాగుతోందేమో" అంది మెల్లగా.

"ఎవరు?"

"రెండో సిలిండర్. డబ్బాలో వేలెడు తగ్గింది. రాత్రి నిలబడ్డప్పుడు లోపలికి ఊరుతుంది. పొద్దున్నే ఆ తడి కాలేదాకా దగ్గుతుంది."

అతను గుడ్డ కింద పడేశాడు. "కొత్త గ్యాస్కెట్ వేసి రెండు వారాలు కాలేదు. హెడ్ అరగదీయించి తెచ్చాం, స్కేలు పెట్టి మరీ చూశాం. నీళ్ళెలా ఊరతాయి? మన చేతుల్తో బిగించాం వదినా!"

"మన చేతుల్తోనే" అంది ఆమె.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

ఆ సాయంత్రం డబ్బా మూతికి చేతిపంపు బిగించి, కూలెంట్ తిరిగే దారులన్నిటికీ గాలి ఒత్తిడి పెట్టి వదిలేశారు. వదినకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాయిల్ అయితే పావుగంట పని. గ్యాస్కెట్ అయితే మళ్ళీ మొత్తం విప్పాలి. శుక్రవారమంతా విప్పడానికే సరిపోతుంది, శనివారం బిగించడానికి. ఆలోచన అక్కడితో ఆగితే బాగుండేది. విప్పేసరికి శనివారం దాటిపోతే? బస్సు వెళ్ళిపోతే? ఆ ఊహ వచ్చినప్పుడు గుండె తేలికైంది. తేలికైనందుకు సిగ్గేసి, గోడ వైపు తిరిగి పడుకుంది.

శుక్రవారం పొద్దున పంపు ముల్లు సగానికి దిగి ఉంది, అంటే లోపల ఎక్కడో కారుతోంది. ప్లగ్గులు తీసి, సన్నటి తీగ చివర ఉండే కెమెరాని ఒక్కో రంధ్రంలోకీ దించారు. మొదటి సిలిండర్లో పిస్టన్ నెత్తి మాడిన పెనంలా నల్లగా ఉంది. మూడు, నాలుగు కూడా అంతే. రెండో దాంట్లో పిస్టన్ తోమిన గిన్నెలా మెరుస్తోంది. దాని అంచున గులాబీ రంగు కూలెంట్ బొట్టొకటి.

మరిది చాలాసేపు తెర వంక చూశాడు. తర్వాత లేచి, వెనక సీటు పక్కనున్న పెద్ద బ్యాటరీ ప్లగ్గు ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ప్రాణం తీసేంత కరెంటుండే నారింజ రంగు తీగల దగ్గర పనిచేసేటప్పుడు అది తన జేబులో ఉంటే తప్ప అతను చెయ్యి పెట్టడు.

"విప్పుదాం" అన్నాడు.

గొట్టాలు, తీగలు, పై మూత, గొలుసు, దాని వెనక కామ్‌షాఫ్టులు. తిండి కూడా నిలబడే తిన్నారు. హెడ్‌ని ఇంజనుకి పట్టి ఉంచే పది బోల్టులు బయటపడేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మరిది పెద్ద పానా అందుకోబోయాడు.

"ఆగు" అంది వదిన. టార్చి దగ్గరగా పట్టుకుంది.

ఒక్కో బోల్టు తల మీదా తెల్ల రంగు చుక్క ఉంది. అవి ఆమె పెట్టినవే. ఏడు చుక్కలు వెనక్కి చూస్తున్నాయి. రెండో సిలిండర్ వైపున్న మూడు చుక్కలు పక్కకి చూస్తున్నాయి.

ఆమె టైరు మీద కూర్చుండిపోయింది.

"ఏమైంది వదినా?"

"ఈ మూడూ బిగించలేదు. చివరి చుట్టు పడలేదు వీటికి."

"అదేంటి, చుక్కలున్నాయిగా?"

"ఉంటే?"

"చుక్క ఉంటే అయిపోయినట్టే కదా! అన్నయ్య ఎప్పుడూ అంతే చేసేవాడు. బిగించడం అయ్యాక రంగు పెట్టేవాడు, మళ్ళీ ఎవరూ ముట్టుకోకుండా. నేనూ అంతే చేస్తాను."

"మీ అన్నయ్య అలా చేసేవాడు. పుస్తకంలో అలా లేదు. ముందు అన్నిటినీ మామూలుగా బిగించి, అప్పుడు చుక్క పెట్టమంటుంది, ముందువైపుకి. తర్వాత ఒక్కోదాన్నీ పావు చుట్టు తిప్పాలి. చుక్క పక్కకి వస్తుంది. మళ్ళీ ఇంకో పావు చుట్టు. వెనక్కి వస్తుంది. వెనక్కి వస్తేనే పని అయినట్టు. చుక్క పెట్టేది పని మొదలైందని చెప్పడానికి."

"నువ్వు చదివేటప్పుడు ఇది చదవలేదే?"

"చదివాను. 'నాకు చుక్క చూసి తిప్పాల్సిన ఖర్మ పట్టలేదు, నా మణికట్టుకి తెలుసు' అన్నాడు మీ అన్నయ్య. మీరిద్దరూ నవ్వారు. నేను ఊరుకున్నాను. నా చేతికి పానా వచ్చాక పుస్తకంలో ఉన్నట్టు చేసుకున్నాను. నా మణికట్టుకేం తెలుసు?"

మరిది నెమ్మదిగా ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "మూడేళ్ళు పక్కపక్కనే పనిచేశాం. నీ చుక్క నాకు తెలీదు, నా చుక్క నీకు తెలీదు."

తెలియాల్సిన అవసరం పడలేదు. ఒక హెడ్‌ని ఎవరు మొదలుపెడితే వాళ్ళే పూర్తిచేసేవాళ్ళు. సగంలో లేచి వెళ్ళడం అనేది ఆ షెడ్డులో లేదు. ఆ ఒక్క రోజే జరిగింది. ఆమె ఏడో బోల్టు తిప్పి ఎనిమిదో దాని మీద పానా పెడుతుండగా అతను, "షోరూం నుంచి కబురొచ్చింది వదినా, ఒకటో తారీకుకల్లా చేరమన్నారు" అన్నాడు. ఆమె పానా పక్కన పెట్టింది. చేతులు కడుక్కొస్తానని వెనక్కి వెళ్ళింది. కుళాయి విప్పి, బకెట్టు నిండి పొర్లి పాదాలు తడిసేదాకా అక్కడే నిలబడింది. వచ్చేసరికి అతను కామ్‌షాఫ్టులు పెట్టేసి, మూత కూడా వేసేశాడు. తను అలిగి లేచిపోయిన పనిని అతను పూర్తిచేశాడనుకుంది. చుక్కలన్నీ ఉన్నాయి గదా, పూర్తిచేసే లేచి వెళ్ళిందని అతననుకున్నాడు. ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఎవరూ అడగలేదు.

"నేను చూడాల్సింది" అన్నాడతను. "పానా ఎనిమిదో బోల్టు పక్కనే పడుంది. ఎందుకుందీ అని అనుకోవాల్సింది. నీ మొహం చూడ్డానికి భయమేసి తొందరతొందరగా మూసేశాను."

ఆమె టార్చి ఆర్పింది.

"నేను ఆగిపోతాను. షోరూంకి ఫోన్ చేస్తాను, ఇంకో నెల తర్వాత వస్తానని. ఇలా చేసి వెళ్ళిపోతే ఆ సైలెన్సర్ ఊరంతా టముకు వేస్తాడు. నీ దగ్గరికి ఒక్క బండి రాదు. నా వల్లే కదా ఇది."

పన్నెండు రోజులుగా ఆమె ఎదురుచూసింది ఆ మాట కోసమే. ఇప్పుడు ఊరికే తలూపితే చాలు. తప్పు అతనిదే అని అతనే అంటున్నాడు. ఒక నెల. ఆ నెలలో ఇంకేదో బండి ఇంకేదో అడ్డం పడుతుంది, ఇంకో నెల అవుతుంది. అక్కడ ఆ పిల్లలు ఆదివారాలు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. ఆమెకి ఆ పిల్లల మొహాలు గుర్తొచ్చాయి. రాకుండా ఉంటే బాగుండుననిపించింది.

"నీ వల్ల కాదు. లేచి వెళ్ళింది నేను. మధ్యలో వదిలేశానని నోరు తెరిచి చెప్పనిది నేను."

"వదినా..."

"ఈ మూడు బోల్టుల కోసం నువ్వు ఆగావనుకో, రేపు ఏ బండి వణికినా, నిన్ను ఆపడానికే వణుకుతోందేమోనని నాకే అనుమానం వస్తుంది. వద్దు. లే. హెడ్ దించుదాం."

శనివారం కొత్త గ్యాస్కెట్ వేశారు. ఉదయం పదకొండింటికి బోల్టుల దగ్గరికి వచ్చేసరికి మరిది బిగువు కొలిచే టార్క్ పానా తీసుకున్నాడు. ఆమె చెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వు."

"చివరి చుట్టు నేను వేస్తాను, నువ్వు చూడు."

"రేపిక్కడ ఉండేదెవరు?"

అతను ఇచ్చేశాడు. గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె పుస్తకంలో చెప్పిన వరసలో పదింటినీ బిగించింది, చుక్కలు పెట్టింది, పావు చుట్టు తిప్పింది. రెండో పావు చుట్టుకి ఆమె భుజం పట్టేసింది. పళ్ళ బిగువున తిప్పింది. అతను రెండుసార్లు ముందుకి అడుగేసి, వెనక్కి తగ్గాడు. పదో చుక్క వెనక్కి తిరిగాక ఆమె టార్చి అతని చేతికిచ్చింది. అతను వంగి ఒక్కొక్కటీ చూశాడు. పది దాకా పైకే లెక్కపెట్టాడు.

మిగతా పని అయ్యేసరికి నాలుగున్నర. కూలెంట్ పోసి, లోపలి గాలి బుడగలు పోయేదాకా ఇంజను ఆడించాలి. వేడి ఇంజను బాగానే ఆడింది. కానీ వేడి ఇంజను మొదట్నించీ బాగానే ఆడుతోంది. రాత్రంతా నిలబడి, చల్లబడి, పొద్దున లేచినప్పుడే అసలు సంగతి తేలుతుంది. పొద్దుటికి అతను మూడొందల మైళ్ళ అవతల ఉంటాడు.

"చెయ్యి పెట్టి చూడు ఒకసారి" అంది వదిన, అలవాటు చొప్పున.

"ఇప్పుడు పెట్టినా ఏం తెలీదు వదినా."

అతను చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని, బ్యాగు భుజానికి వేసుకొచ్చాడు. పానాల పెట్టె తీసుకెళ్ళమంది. షోరూంలో వాళ్ళవే ఇస్తారట అన్నాడు. వేళకి తినమంది. నువ్వూ తిను అన్నాడు. ఆమె డబ్బాలోకి కూలెంట్ పోస్తూనే ఉంది. భర్త పోయినప్పుడు కూడా ఆమె ఆస్పత్రిలో మందులకని కిందికి వెళ్ళి ఉంది. పైకొచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగేశారు. వెళ్ళేవాళ్ళ మొహం చూస్తూ నిలబడటం ఆమెకి ఎన్నడూ దక్కలేదు. ఇవాళ దక్కితే చేతకాలేదు. బుడగలు ఆగిపోయాక తలెత్తి చూస్తే గేటు వేసి ఉంది.

ఆదివారం ఆమె ఆరింటికే వచ్చింది. మీట నొక్కే ముందు డబ్బాలో గీత చూసింది. సరిగ్గా ఉంది. నమ్మకం కుదరక ఇంకోసారి చూసింది. సీట్లో కూర్చుని హీటరు తిప్పింది. అతనిలా లోపలా బయటా ఒకేసారి ఉండటానికి లేదు. ఇంజను మీద చెయ్యి వెయ్యాలంటే తెర కనపడదు, తెర చూడాలంటే చెయ్యి అందదు. స్కానర్ తీగని కిటికీలోంచి బయటికి లాగి, బానెట్ దగ్గర నిలబడి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని రెండో చెయ్యి మూత మీద వేసింది. ఇంజను అందుకుంది. ఆమె నూరు దాకా లెక్కపెట్టింది. చేతి కింద సన్నటి జలదరింపు తప్ప ఏమీ లేదు. తెర మీద నాలుగు సున్నాలు. అయినా, ఆ జలదరింపు మామూలుదేనా, దగ్గు మొదలా అని అడగడానికి ఎవరూ లేరు. ఆమె ఇంకో నూరు లెక్కపెట్టింది.

సైలెన్సర్ ఎనిమిదింటికి వచ్చాడు. "మేస్త్రి గారు వెళ్ళిపోయారా? అయితే బండి ఎవరు చూశారు?"

"నేనే చూశాను."

"ఏమైందట?"

గ్యాస్కెట్ నాసిరకందని చెప్పొచ్చు. నిన్న మరిది అదే చెప్పమన్నాడు. "మూడు బోల్టులు సరిగ్గా బిగించకుండా మూసేశాం. నేను మధ్యలో లేచి వెళ్ళాను. అందుకే నీళ్ళు దిగాయి. ఇప్పుడు అన్నీ నేనే బిగించాను."

అంత నోరున్న మనిషి మాట వెతుక్కుంటూ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఒక్కసారి ఆయనతో మాట్లాడొచ్చా అక్కా? ఏమీ అనుకోకండి. పెద్దావిడ ఎక్కే బండి."

ఆమె ఫోన్ కలిపి ఇచ్చింది. ఆయన గేటు బయటికి వెళ్ళి, వీపు ఇటు పెట్టి మాట్లాడాడు. తిరిగొచ్చి ఫోన్ చేతిలో పెట్టాడు. తాళం తీసుకున్నాడు. బండిలో కూర్చుని తలుపు వెయ్యకుండా కాసేపు విన్నాడు. తర్వాత చప్పుడు లేకుండా కంకర మీదుగా వెళ్ళిపోయాడు. వస్తానని గానీ రానని గానీ అనలేదు.

ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు.

"వదినా, ఉన్నావా?"

"ఉన్నాను. ఏం చెప్పావు?"

"బిగించింది ఎవరని అడిగాడు. వదిన అని చెప్పాను. మీరు చూశారా అన్నాడు. పదీ చూశానన్నాను. పొద్దున వణికిందా?"

"లేదు."

"డబ్బా?"

"గీత మీదే ఉంది."

ఇంకేం మిగల్లేదు చెప్పుకోవడానికి. అటువైపు పిల్లలెవరో "నాన్నా" అని పిలుస్తున్నారు. "సరే వదినా" అన్నాడు. "సరే" అంది. ఎవరు ముందు పెట్టేశారో తెలియలేదు.

మూలన పాత కారొకటి బ్రేకుల పని కోసం మూడు రోజులుగా ఎదురుచూస్తోంది. బ్రేకు గొట్టాల్లో గాలి చేరింది; తీసెయ్యాలి. అది ఇద్దరి పని. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర మర వదులు చెయ్యాలి. "తొక్కాను" అని ఒకరంటే, "వదులు" అని రెండోవాళ్ళు అనాలి.

వదిన ఒక కర్రముక్క వెతికి తెచ్చింది. పెడలు చేత్తో అదిమి, కర్రని పెడలుకీ సీటుకీ మధ్య అడ్డం బిగించింది. వెనక చక్రం దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళు పట్టుకుని కింద కూర్చుని, మర కొద్దిగా తిప్పింది. బుసమని గాలి, వెనకే నాలుగు చుక్కల నూనె వచ్చాయి. పెడలు కుంగి, లోపల కర్ర దబ్బున పడింది. ఆమె మర బిగించి, చక్రం ఆసరాతో పైకి లేచింది. మళ్ళీ కర్ర పెట్టడానికి ముందుకి నడిచింది.